ఊపిరికి పరీక్షలు

పరీక్ష అనే మాట వినగానే విద్యార్థులకు గుండె దడ మొదలవుతుంది. చదివినవారికీ భయమే, చదవనివారికీ భయమే. అయితే పెద్దవాళ్ళు కూడా భయపడే పరీక్షలు కొన్ని ఉన్నాయి. అవి ఆసుపత్రిలో జరిగేవి. బడిలో పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. ఒంటికి జరగవలసిన పరీక్షను తప్పించుకుంటే మాత్రం, ఆ నష్టం ఒక్కొక్కసారి పూడ్చుకోలేనిది. మన ఊపిరితిత్తుల ఆరోగ్యాన్ని తెలిపే పరీక్షలు ఏమిటో, అవి ఎలా పుట్టాయో, ఏ పరీక్ష ఏ సంగతి చెబుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బెంగళూరులో ఇళ్ళు కట్టే పనులకోసం అనంతపురం, కర్నూలు, చిత్తూరు ప్రాంతాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక కుటుంబంలోని తాతను ఊహించుకోండి. ఆయన తాపీమేస్త్రి. నెలన్నరగా ఆయనకు దగ్గు. దగ్గు ఎక్కువైనప్పుడల్లా వీధి చివర మందుల అంగడిలో ఒక సీసా దగ్గుమందు కొని తాగుతాడు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, మళ్ళీ మొదటికి వస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. వేసుకునే చొక్కాలు వదులవుతున్నాయి. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఆసుపత్రికి పోదాం రమ్మంటే, "దుమ్ములో పనిజేసేవానికి దగ్గు రాక ఇంకేమొస్తాది పాపా? ఈ ఊరి చలికి ఇంతే. చలి పోతే అదే పోతాది" అంటాడు.

తాత మాట పూర్తిగా తప్పని చెప్పలేం. దుమ్మువల్ల దగ్గు వస్తుంది. జలుబువల్ల వస్తుంది. ఉబ్బసంవల్ల, క్షయవల్ల, పొగ తాగడంవల్ల కూడా వస్తుంది. దగ్గు ఒక్కటే, కారణాలు అనేకం. ఏ కారణంతో దగ్గు వస్తున్నదో కేవలం విని చెప్పడం ఎంతటి వైద్యునికైనా కష్టమే. కారణం తెలియకుండా మందు తాగడం చీకట్లో రాయి విసరడంవంటిది. అందుకే పరీక్షలు అవసరమయ్యాయి.

ముందుగా ఊపిరితిత్తులు ఏం చేస్తాయో గుర్తు చేసుకుందాం. మనం ముక్కుతో పీల్చిన గాలి శ్వాసనాళంలోకి పోతుంది. ఆ నాళం రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ మళ్ళీ చీలుతూ చెట్టు కొమ్మలవలె, రెమ్మలవలె విస్తరిస్తాయి. రెమ్మల చివర ద్రాక్షగుత్తులవంటి చిన్న చిన్న గాలిగదులు ఉంటాయి. పెద్దవారి ఊపిరితిత్తులలో ఇవి సుమారు 30 కోట్లు ఉంటాయని అంచనా. ఈ గదుల గోడలు చాలా పలుచనివి. గాలిలోని ప్రాణవాయువు ఆ గోడలగుండా రక్తంలోకి చేరుతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. ఊరక కూర్చున్నప్పుడు కూడా పెద్దవారు ఒక్కొక్క శ్వాసకు దాదాపు అర లీటరు గాలి పీలుస్తారు. రోజుకు లెక్కిస్తే అది సుమారు 10,000 లీటర్లు. ఆ గాలితోపాటు ఊరి దుమ్మూ, పొగా, సూక్ష్మజీవులూ లోపలికి పోతూనే ఉంటాయి.

ఇంత పని చేసే ఊపిరితిత్తులు పక్కటెముకల పంజరంలో దాగి ఉంటాయి. నాలుకను చాపి చూపినట్టు వాటిని చూపలేం. కంటికి కనిపించని దానిని తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు మొదట జవాబు చెప్పినవి వేళ్ళూ చెవులూ.

ఆస్ట్రియా దేశంలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన తండ్రి పూటకూటి ఇల్లు నడిపేవాడు. పీపాను వేలితో తట్టి, వచ్చే మోతనుబట్టి అందులో సారాయి ఎంతవరకు ఉన్నదో చెప్పడం అక్కడ మామూలు. ఖాళీ ఉన్నచోట బోలుగా మోగుతుంది, నిండిన చోట మందంగా మోగుతుంది. మన ఇళ్ళలో ధాన్యపు డబ్బాను తట్టి చూడడంకూడా ఇటువంటిదే. ఔయెన్‌బ్రుగ్గర్ ఈ ఉపాయాన్నే రోగి రొమ్ముమీద ప్రయోగించాడు. గాలితో నిండిన ఊపిరితిత్తి బోలుగా మోగుతుంది, నీరు చేరిన చోట మోత మందగిస్తుంది. ఆయన 1761లో ఈ పద్ధతిని గురించి పుస్తకం ప్రచురించాడు. నేటికీ వైద్యులు ఒక చేతి వేలిని వీపుమీద ఆనించి, రెండో చేతి వేలితో దానిమీద తట్టి చూస్తారు.

1816లో పారిస్ నగరంలో లానెక్ అనే వైద్యుడు ఒక యువతిని పరీక్షించవలసివచ్చింది. అంతవరకు వైద్యులు రోగి రొమ్ముకు నేరుగా చెవి ఆనించి వినేవారు. అది సభ్యత కాదని తోచి, లానెక్ కొన్ని కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొసను ఆమె రొమ్ముమీద, రెండో కొసను తన చెవికి పెట్టుకొన్నాడు. నేరుగా విన్నదానికంటె స్పష్టంగా వినిపించింది. తరువాత ఆయన కొయ్యగొట్టం చేయించాడు. అదే మనం చూసే స్టెతస్కోపుకు మూలం. గాలిదారి ఇరుకైతే పిల్లనగ్రోవివంటి కూత వినిపిస్తుంది. గాలిగదులలో నీరు చేరితే చిటపటమనే శబ్దం వస్తుంది. కొన్నిసార్లు వైద్యులు "ఒకటి, ఒకటి అనండి" అని రోగిచేత పలికించి, ఆ పలుకు వీపులో ఎలా ప్రతిధ్వనిస్తున్నదో గమనిస్తారు. ఊపిరితిత్తుల చప్పుళ్ళను లోకానికి వినిపించిన లానెక్ 1826లో క్షయవ్యాధితోనే మరణించాడు. రోగాన్ని వినగలిగారు గాని, దాని కారణం ఏమిటో ఆ కాలంలో ఎవరికీ తెలియదు. మందు అంతకంటె తెలియదు.

తరువాతి మెట్టు కన్ను. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. ఈ కిరణాలు గాలిగుండా సులువుగా దూసుకొనిపోతాయి, ఎముకలు వాటిని చాలావరకు ఆపుతాయి. అందుచేత రొమ్ము ఎక్స్‌రే పటంలో గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగా, పక్కటెముకలు తెల్లగా కనిపిస్తాయి. నల్లగా ఉండవలసిన చోట తెల్లని మచ్చ కనిపిస్తే వైద్యుడు అనుమానిస్తాడు. న్యుమోనియా కావచ్చు, క్షయ కావచ్చు, నీరు చేరి ఉండవచ్చు, గడ్డ కావచ్చు.

బెంగళూరుకు తూర్పున ఉన్న కోలారు బంగారు గనుల పేరు మీరు వినే ఉంటారు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు వేలమంది ఆ గనులలో పనిచేశారు. రాతిని తొలిచేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, అక్కడ గట్టిపడి, శ్వాసను హరిస్తుంది. ఈ వ్యాధిని సిలికోసిస్ అంటారు. 1940ల్లో ఆ గనుల కార్మికులకు వేల సంఖ్యలో ఎక్స్‌రేలు తీశారు. నూటికి 40 మందికి పైగా ఈ వ్యాధి ఉన్నట్టు 1947లో వెల్లడైంది. అంతవరకు అది గని పనిలో ఉన్నదే అనుకొన్న ఆయాసం. ఎక్స్‌రే పటం దానికి సాక్ష్యంగా నిలిచింది. సిలికోసిస్‌ను పూర్తిగా మాన్పే మందు నేటికీ లేదు. అందుకే రాళ్ళు కొట్టేవారు, గనులలో పనిచేసేవారు దుమ్మునుండి ముందుగానే కాపాడుకోవాలి, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించుకోవాలి. గనులు 2001లో మూతబడ్డాయి. కాని రాతిదుమ్ములో పనిచేసేవారు మన చుట్టూ నేటికీ ఉన్నారు.

ఎక్స్‌రేకు ఒక హద్దు ఉన్నది. అది నీడను చూపుతుంది గాని, ఆ నీడ ఎవరిదో చెప్పదు. గోడమీద పడిన నీడను చూసి మనిషి అని చెప్పగలం, పేరు చెప్పలేం గదా! పేరు చెప్పే పరీక్ష ఒకటి కావాలి. క్షయ విషయంలో ఆ పని చేసేది కఫ పరీక్ష. దీనినే గళ్ళ పరీక్ష అనీ, తెమడ పరీక్ష అనీ అంటారు. కర్ణాటకలోని ఆరోగ్యకేంద్రాలలో "కఫ పరీక్షె" అని కన్నడంలో రాసి ఉండడం మీరు చూడవచ్చు.

క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కోక్ ప్రకటించాడు. ఏటా ఆ రోజును ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నాము. ఆ సూక్ష్మజీవికి మైనంవంటి పైపొర ఉంటుంది. గాజుపలకమీద కఫాన్ని పలుచగా పూసి, ఎర్రరంగు వేసి, వేడి చేస్తారు. తరువాత ఆమ్లంతో కడుగుతారు. మిగిలినవన్నీ రంగు వదిలేస్తాయి. క్షయ సూక్ష్మజీవి మాత్రం తెల్లబట్టకు పట్టిన మొండి మరకలాగా ఎరుపును వదలదు. పైన నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నీలి నేలమీద సన్నని ఎర్రని పుల్లలు చెదరి ఉన్నట్టు అవి కనిపిస్తాయి. కనిపించాయంటే ఇక అనుమానం చాలావరకు తీరినట్టే. ఖర్చు తక్కువ. కావలసినవి ఒక సూక్ష్మదర్శిని, కొన్ని రంగులు, ఓపికగా చూసే మనిషి.

ఈ చిన్న పరీక్షతోనే బెంగళూరు ఒక పెద్ద సమస్యకు దారి చూపింది. ఆ చరిత్ర తెలుసుకోదగ్గది.

ఒకప్పుడు క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే చికిత్స. అందుకోసం ఊరికి దూరంగా ప్రత్యేక ఆరోగ్యశాలలు కట్టేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టిన ఆరోగ్యశాల అటువంటిదే. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ దేశస్థుడు దానికి మొదటి అధికారిగా పనిచేశాడు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ మొదలైన మందులు వచ్చాయి. సరిగా మందులు తీసుకొంటే ఇంటిదగ్గర ఉన్నవారికి కూడా ఆరోగ్యశాలలో ఉన్నవారికివలెనే నయమవుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో తేల్చింది. మందు దొరికింది. ఇంట్లోనే వాడవచ్చునని కూడా తెలిసింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: రోగి ఎక్కడ ఉన్నాడు?

క్షయ పట్టణాల జబ్బు అని అంతవరకు చాలామంది అనుకొనేవారు. 1955 నుండి 1958 వరకు దేశమంతటా జరిగిన సర్వే, పల్లెలలోనూ అది పట్టణాలలో ఉన్నంతగానే ఉన్నదని చూపింది. అన్ని లక్షల పల్లెలకు ఎక్స్‌రే బండ్లు పంపడం సాధ్యమా? ఇటువంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికే 1959లో బెంగళూరులో జాతీయ క్షయవ్యాధి సంస్థ ఏర్పడింది. 1960లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. బళ్ళారి రోడ్డులో ఆ సంస్థ నేటికీ ఉన్నది.

ఆ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెలకు వెళ్ళారు. సర్వేలో క్షయ ఉన్నట్టు తేలినవారి ఇళ్ళకు పోయి, వారితో మాట్లాడారు. "మీకు దగ్గు ఉన్నదని మీకు తెలుసా? తెలిస్తే ఏం చేశారు?" అన్నదే వారి ప్రశ్నల సారం. పల్లెవాసులకు తమ జబ్బు తెలియదనీ, తెలిసినా పట్టించుకోరనీ అప్పట్లో చదువుకొన్నవారి అభిప్రాయం. జవాబులు దానికి తలకిందులుగా వచ్చాయి. రోగులలో అత్యధికులు తమ బాధను గుర్తించినవారే. సగం మందికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి మెట్లు ఎక్కి వచ్చినవారే. అక్కడ వారికి దొరికింది ఒక సీసా దగ్గుమందు! కఫం పరీక్షించి చూసినవారు లేరు. ఈ సంగతి 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది.

అంటే, తప్పిపోయింది రోగి కాదు, పరీక్ష. రోగిని వెతుక్కుంటూ ఊరూరా తిరగడానికి ముందు, దగ్గుతో గుమ్మంలోకి వచ్చినవారిని పరీక్షించడం నేర్చుకోవాలి. అందుకు ప్రతి సామాన్య ఆసుపత్రిలో ఒక సూక్ష్మదర్శిని ఉంటే చాలు. ఈ ఆలోచనతో బెంగళూరు సంస్థ ఒక జిల్లా పథకాన్ని రూపొందించింది. దానిని మొదట ఆచరణలో పెట్టి చూసినది మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో, 1961లో. ఆ మరుసటి సంవత్సరం జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఆ దారిలోనే మొదలైంది. ఈనాడు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలని ఆరోగ్యశాఖ చెబుతున్నదంటే, ఆ మాట వెనుక తుమకూరు పల్లెలవారు ఇచ్చిన జవాబులు ఉన్నాయి.

సూక్ష్మదర్శినికీ లోపం లేకపోలేదు. ఒక మిల్లీలీటరు కఫంలో సుమారు 10,000 సూక్ష్మజీవులు ఉంటేగాని అవి కంటబడవు. అందువల్ల జబ్బు ఉన్నా కొందరికి లేదని వచ్చే అవకాశం ఉన్నది. ఈ లోపం తీర్చడానికి సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే పట్టుకొనే పరీక్షలు వచ్చాయి. వాటిలో ట్రూనాట్ అనేది మనదేశంలో తయారైనది. బెంగళూరులోని బిగ్‌టెక్ ప్రయోగశాలలో అది రూపు దిద్దుకొన్నది. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ దానిని తయారుచేస్తున్నది. బ్యాటరీతో పనిచేస్తుంది గనుక కరెంటు నిలకడగా లేని ఊళ్ళకు కూడా తీసుకొనిపోవచ్చు. దాదాపు గంటలో జబ్బు ఉన్నదీ లేనిదీ చెబుతుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు సూక్ష్మజీవి లొంగుతుందా లేదా అన్నది మరొక గంటలో తెలుస్తుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షను ఆమోదించింది.

ఏ పరికరం వాడినా, మనం ఇచ్చే కఫం సరైనది కాకపోతే ఫలితం సరిగా రాదు. ఉమ్మి వేరు, కఫం వేరు. పొద్దున లేవగానే నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోతునుండి దగ్గితే వచ్చే చిక్కని పదార్థమే కఫం. దానిని ఆసుపత్రివారిచ్చిన డబ్బాలో, బయట గాలి వీచే చోట, ఇతరులకు దూరంగా నిలబడి తీసి, మూత బిగించి ఇవ్వాలి.

ఇప్పటివరకు చెప్పిన పరీక్షలు లోపల జబ్బు ఏమిటో చెప్పేవి. ఊపిరితిత్తుల సత్తా ఎంతో కొలిచే పరీక్షలు వేరే ఉన్నాయి. 1846లో హచిన్‌సన్ అనే ఆంగ్ల వైద్యుడు స్పైరోమీటర్ అనే పరికరాన్ని వర్ణించాడు. నిండుగా గాలి పీల్చి, అంతా వదిలితే ఎంత గాలి వస్తుందో అది కొలుస్తుంది. ఆయన రెండు వేల మందికి పైగా మనుషులను కొలిచి చూశాడు. ఈనాటి స్పైరోమీటర్ ఎంత గాలి వచ్చిందో చెప్పడమే గాక, ఎంత వేగంగా వచ్చిందో కూడా చెబుతుంది. ఆరోగ్యవంతులు లోపలి గాలిలో దాదాపు ముప్పాతిక భాగం మొదటి సెకనులోనే వదిలేయగలరు. ఉబ్బసం ఉన్నవారికి దారి ఇరుకు గనుక గాలి మెల్లగా వస్తుంది. సందు ఇరుకైతే తేరు మెల్లగా కదిలినట్టన్నమాట. అప్పుడు వైద్యులు దారిని వెడల్పు చేసే మందును పీల్పించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ ఊదిస్తారు. రెండోసారి వేగం బాగా పెరిగితే అది ఉబ్బసమని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

ఈ పరీక్ష మన నగరపు పిల్లలకు ముఖ్యమైనది. బెంగళూరులో పిల్లల వైద్యులైన డాక్టర్ హెచ్. పరమేశ్ తమ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను ఇరవై ఏళ్ళపాటు పరిశీలించారు. 1979లో నూటికి 9 మందిలో కనిపించిన ఉబ్బసం 1999 నాటికి నూటికి 29.5 మందిలో కనిపించింది. వాహనాల పొగ, గాలి కాలుష్యం పెరగడం దీనికి కారణాలని ఆయన అభిప్రాయపడ్డారు. ఆటలో వెనుకబడే పిల్లవాడిని "సోమరి" అని ఎగతాళి చేయడం సులువు. నిజానికి వాడి గాలిదారి ఇరుకై ఉండవచ్చు. ఒకసారి ఊది చూస్తేగాని తెలియదు.

ఊపిరి కొలత ఎలా ఉంటుందో ఉపాధ్యాయుల సమక్షంలో మీరే చూడవచ్చు. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకు పక్కన లీటరు లీటరుకు గీతలు గీయండి. దానిని నీళ్ళతో నింపి, మూతి చేత్తో మూసి, వెడల్పాటి తొట్టి నీళ్ళలో తలకిందులుగా నిలపండి. చిన్న రబ్బరు గొట్టం ఒక కొసను డబ్బా మూతిలోకి దూర్చి, రెండో కొసనుండి నిండు ఊపిరి ఊదండి. గాలి పైకి చేరిన మేరకు నీరు దిగుతుంది. దిగిన నీరే మీ ఊపిరి కొలత. ఒకరు వాడిన గొట్టం ముక్కను మరొకరు వాడకూడదు. దగ్గు, జ్వరం, ఆయాసం ఉన్నవారు ఊదకూడదు. పొడుగైనవారి కొలత పొట్టివారికంటె సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. కనుక ఇది పందెం కాదు.

వేలికి తొడిగే చిన్న పరికరం ఒకటి 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇంటింటికీ పరిచయమైంది. అదే పల్స్ ఆక్సీమీటర్. జపాన్ దేశస్థుడు తకువో అవొయాగి 1974లో దాని సూత్రాన్ని వెల్లడించాడు. ప్రాణవాయువు నిండిన రక్తం నిగనిగలాడే ఎరుపు, అది తగ్గిన రక్తం ముదురు ఎరుపు. రెండు రకాల కాంతిని వేలిగుండా పంపి, ఆ రంగు భేదాన్నిబట్టి రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో అది లెక్కకడుతుంది. ఆరోగ్యవంతులకు సాధారణంగా 95కు పైన చూపుతుంది. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా లెక్క తప్పవచ్చు. కోవిడ్ కాలంలో కొందరికి ఆయాసం తెలియకముందే ప్రాణవాయువు తగ్గిపోవడాన్ని ఈ పరికరం పట్టి ఇచ్చింది.

ఇవిగాక ఊపిరితిత్తులను పొరలు పొరలుగా చూపే సి.టి. స్కాన్, సన్నని గొట్టంతో శ్వాసనాళంలోకి తొంగి చూసే బ్రాంకోస్కోపీ ఉన్నాయి. అవి అందరికీ అక్కరలేదు. మామూలు పరీక్షలతో తేలనప్పుడు, లేదా లోపల గడ్డ ఉన్నదని అనుమానం వచ్చినప్పుడు వైద్యులు వాటిని చేయిస్తారు. పరీక్ష ఎంత ఖరీదైనదైతే అంత గొప్పది అనుకోవడం పొరపాటు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేదే మంచి పరీక్ష. చెవి చప్పుడును వింటుంది, ఎక్స్‌రే నీడను చూపుతుంది, కఫం పేరు చెబుతుంది, స్పైరోమీటర్ సత్తాను కొలుస్తుంది, ఆక్సీమీటర్ ఆ సత్తా ఫలితాన్ని రక్తంలో చూస్తుంది.

ఇప్పుడు మళ్ళీ మన తాత దగ్గరికి వద్దాం. మనవరాలు పట్టు విడవలేదు. ఒక ఆదివారం మెల్లగా పక్కన కూర్చుని, "తాతా, నాకు పరీక్షలప్పుడు భయపడొద్దని నువ్వే చెప్తావు గదా! నీ పరీక్షకు నేను తోడొస్తా" అన్నది. తాత నవ్వి ఒప్పుకొన్నాడు. మరునాడు ఆరోగ్యకేంద్రంలో వైద్యురాలు కన్నడంలో, "ఎష్టు దినదింద కెమ్ము?" అని అడిగారు. తాతకు కూలిపనికి చాలినంత కన్నడమే వచ్చు. ఒంట్లో బాధ చెప్పుకొనేందుకు అది చాలదు. మనవరాలు ఆయన తెలుగులో చెప్పిందంతా విని కన్నడంలో చెప్పింది. దగ్గు ఎన్నాళ్ళనుండి, కఫంలో రక్తం పడిందా, సాయంత్రం జ్వరం వస్తుందా, బరువు తగ్గారా, ఏం పని చేస్తారు, బీడీ తాగుతారా - అన్నిటికీ దాపరికం లేని జవాబులు అందాయి. ఆ వైద్యురాలికి అదే మొదటి పరీక్ష. తరువాత ఎక్స్‌రే, కఫం. కఫంలో క్షయ ఉన్నట్టు తేలింది.

తాత తల వంచుకొన్నాడు. "నలుగురికీ తెలిస్తే పనికి పిలుస్తారా?" అన్నాడు. చాలామంది పరీక్షకు రాకపోవడానికి అసలు కారణం ఇదే. సూదికి భయపడి కాదు, పేరుకు భయపడి. కాని క్షయ పాపఫలం కాదు, కులానికో ఇంటికో అంటిన మచ్చ కాదు. అది గాలిలో వచ్చే సూక్ష్మజీవి. ప్రపంచంలోని క్షయరోగులలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఉచితం. చికిత్స కాలంలో తిండికోసం 2018 నుండి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది. సాధారణ క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. మధ్యలో కాస్త బాగుందని మానకూడదు. సరైన మందు మొదలైన కొన్ని వారాలకే ఇతరులకు అంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. వైద్యురాలు ఇంట్లోని మిగతావారినికూడా పరీక్షకు రమ్మన్నారు.

ఆరు నెలల తరువాత తాత మళ్ళీ తాపీ పట్టాడు. దుమ్ము లేచేటప్పుడు ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించుకొంటున్నాడు. తనతో పనిచేసేవారెవరైనా విడవకుండా దగ్గితే, "దగ్గుమందు తర్వాత తాగుదువులేప్పా, ముందు పరీక్ష చేయించుకో పో" అంటున్నాడు.

విద్యార్థులారా! మీరు పుట్టిన ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. వీధిలో, బడిలో కన్నడం నేర్చారు. మీ ఇంటి పెద్దలకు లేని వసతి ఇది. మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని రెండు వారాలు దాటిన దగ్గు వినిపిస్తే, దానిని చెవిన పెట్టండి. ఆ దగ్గుకు పేరు తెలుసుకోవడానికి తోడు వెళ్ళండి. వారి మాటను వైద్యునికి, వైద్యుని మాటను వారికి అందించండి. ఆరు దశాబ్దాల క్రితం తుమకూరు పల్లెవాసులు ఆసుపత్రి గుమ్మందాకా వచ్చి పరీక్ష లేకుండా తిరిగిపోయారు. మన ఇంటివారు అలా తిరిగి రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్నది.

పదాలు - అర్థాలు

కఫం = గళ్ళ, తెమడ
ఉబ్బసం = గాలిదారి ఇరుకై ఆయాసం కలిగించే వ్యాధి
సూక్ష్మదర్శిని = కంటికి కనిపించనివాటిని పెద్దవిగా చూపే పరికరం
పూటకూటి ఇల్లు = డబ్బు తీసుకొని భోజనం, బస ఇచ్చే ఇల్లు
సత్తా = శక్తి, సామర్థ్యం
దాపరికం = దాచిపెట్టడం

ప్రశ్నలు

1. ఎక్స్‌రే "నీడను చూపుతుంది గాని, ఆ నీడ ఎవరిదో చెప్పదు" అనడంలో అర్థమేమి?
2. కఫ పరీక్షలో క్షయ సూక్ష్మజీవి ఎర్రగానే ఎందుకు మిగిలిపోతుంది?
3. తుమకూరు జిల్లాలో పరిశోధకులు ఏమి అడిగారు? ఏమి తెలుసుకొన్నారు?
4. "తప్పిపోయింది రోగి కాదు, పరీక్ష" - ఈ వాక్యాన్ని వివరించండి.
5. తాత పరీక్షకు వెనుకాడడానికి కారణాలేవి? మనవరాలి స్థానంలో మీరుంటే ఏమని చెబుతారు?
6. మీ ప్రాంతంలోని ఆరోగ్యకేంద్రానికి వెళ్ళి, అక్కడ జరిగే పరీక్షల పేర్లను కన్నడంలోను తెలుగులోను రాసుకొని రండి.